ఆగకుండా తిరిగిన రీలు

బెంగళూరులో నా గాలం కర్రకు ఆ రీలు కొన్న రోజు దుకాణంలో చాలాసేపు నిలబడ్డాను. ఈకలతో కట్టిన తేలికైన ఎరను విసిరి చేపలు పట్టడం అప్పుడే నేర్చుకుంటున్నాను. దుకాణదారు చప్పుడు లేకుండా తిరిగే రీలు చూపించి, బ్రేకు దీనికే బాగుంటుందన్నాడు. నాకు దారం లాగితే కిర్రుమనే పాత రకమే నచ్చింది. చేప ఎంత వేగంగా పోతోందో చెవికి తెలుస్తుందని అదే తీసుకున్నాను.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం శింగనమల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఎర విసిరాను. కాసేపటికి రీలు కిర్రుమంది. చేప పడితే దారం గుంజుతుంది, ఆగుతుంది, మళ్లీ గుంజుతుంది. ఇది అలా లేదు. ఎవరో కొస పట్టుకుని నిదానంగా నడిచిపోతున్నట్టుంది. బ్రేకు బిగించాను. అయినా అదే నడక. దారం అయిపోతుందేమోనని వెంట వెళ్లాను. కొంత దూరాన అది నిట్టనిలువుగా కిందికి దిగుతోంది. అక్కడా నీళ్లు మోకాళ్లు దాటడం లేదు.

గట్టున మేకలు కాస్తున్న ఒకామె నన్ను ఆగమంది.

"ముందుకు పోవద్దన్నా. ఆడ మా నాయన బాయి ఉండాది."

చెరువు ఎండిన కరువులో వాళ్ల నాయన ఆ బావి తవ్వాడట. నీళ్లు పడకపోయినా రోజూ ఇంకాస్త దిగేవాడట. ఒకరోజు మట్టి విరిగి మీద పడింది. ఇదంతా చెబుతూనే ఆమె నీళ్లలోకి వచ్చి, దారాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. రీలు ఆగిపోయింది. గట్టు మీద మేకలు మేత మాని మావైపే చూస్తున్నాయి.

"ఇంక చాల్లే నాయనా, ఇడిసిపెట్టు," అంది మెల్లగా, నీళ్లలోకి చూస్తూ.

దారం వదులైంది. చుట్టుకుని చూస్తే ఎరలో ఒక్క ఈకా చెదరలేదు.

ఇంటికొచ్చి ఎప్పటిలాగే రీలు విప్పాను. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, ఇరుసుకు చుక్క నూనె వేసి, బ్రేకు వదులు చేసి పెట్టడం నా అలవాటు. ఆ రోజు లోపల తడే లేదు. పొడిపొడిగా ఎర్రమట్టి రాలింది. ఎంత తుడిచినా గుడ్డకు ఎరుపు అంటుతూనే ఉంది.

ఎండాకాలం చెరువు నెర్రెలు బారాక మళ్లీ వెళ్లాను. ఆమె చోటు చూపించింది. గుండ్రంగా రాళ్ల వరస, దాని అంచు దాకా గట్టిపడిన మన్ను. ఎప్పుడు పూడిందని అడిగాను.

"మట్టి ఇరిగిన పొద్దే. నాయనను తీయనీక కాలేదు. ఆడనే పూడ్సినాం."

నాకు ఆ మన్ను మీద కాలు పెట్టే ధైర్యం చాలలేదు. ఆమె మాత్రం నడిచి వెళ్లి, సరిగ్గా మధ్యలో కూర్చుని, సద్దిమూట విప్పుకుంది.