బస్సు దిగి నడిచిన వంతెన

నర్సీపట్నంలో నేను అద్దెకున్న గది నుంచి మా బడికి పోవాలంటే కొయ్యూరు వైపు వెళ్లే బస్సెక్కి, ఏటి మీది ఇనప వంతెన దాటాలి. దొరల కాలంలో కట్టింది. రెండు పక్కలా త్రికోణాలుగా బిగించిన ఇనప దూలాలు, నెత్తిన అడ్డకమ్మీలు, కాళ్ల కింద చెక్కలు. డెబ్బైల చివరికి అది బాగా పాతబడిపోయి, జనంతో నిండిన బస్సును మోయలేదని తేల్చారు. అందుకని గట్టున అందరినీ దించేసి ఖాళీ బస్సు మెల్లగా దాటేది. మేం వెనకాల నడిచి వెళ్లి మళ్లీ ఎక్కేవాళ్లం.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న పోయిన ఏడాదే ఈ టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంటివాళ్లు మంచివాళ్లే కానీ, కొళాయిలో నీళ్లొచ్చాయని చెప్పడానికి తప్ప నా తలుపు తట్టేవారు కాదు. కొన్ని ఆదివారాలు సాయంత్రం దాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు.

చేరిన మొదటి వారంలోనే, వంతెన దగ్గర ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. మా బడి దాటాక వచ్చే ఊళ్లో, ఆస్పత్రిలో ఆయాగా చేసేది.

"సెయ్యి ఇలగియ్యమ్మా. కిందకి సూత్తే నాకు కళ్లు తిరుగుతాయి" అంది.

చెక్కల సందుల్లోంచి నీళ్లు కనబడేవి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంటే, ఎక్కడ చెక్క ఊగుతుందో చెబుతూ నేను నడిపించేదాన్ని. అవతలికి చేరగానే చెయ్యి వదిలేసి, గబగబా పోయి ముందు సీట్లో కూర్చునేది. అప్పట్నుంచి రోజూ అంతే. నన్ను టీచరమ్మా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. పేర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు. రోజు మొత్తంలో పెద్దవాళ్లెవరైనా నన్ను తాకేది ఆ కాసేపే.

మూడో ఏడు వానాకాలంలో ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది. వంతెన మధ్యకొచ్చాక ఆమె ఆగి, కళ్లు తెరిచింది.

"మా ఆయన ఇక్కడ్నించే పడిపోనాడమ్మా. దీనికి రంగులేత్తన్నాడు. మూడ్రోజులకి దొరికినాడు."

అప్పటికి కూతురు కడుపులో ఉందట. ఆ తర్వాతే ఎవరో ఆయా పని ఇప్పించారట. ఆ పనికి పోవడానికీ ఇదే దారి. బస్సులో కూర్చుని పోయిన అన్నేళ్లూ కళ్లు మూసుకునే దాటేదట.

నాన్న పోయినప్పుడు నేను పరీక్ష రాస్తూ వేరే ఊళ్లో ఉన్నానని అప్పుడు నేనూ చెప్పాను. అంతవరకూ అది ఎవరికీ చెప్పలేదు.

"నువ్వుంటే మాత్రం ఆపగలవేటమ్మా? నడు, బస్సోడు ఎల్లిపోతాడు" అంది.

తర్వాతి ఏడు పక్కనే కాంక్రీటు వంతెన పూర్తయింది. మొదటి రోజు బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు. అర నిమిషంలో దాటేశాం. ఆమె ముందు, నేను వెనక, మధ్యలో నిలబడ్డ జనం. నేను దిగేటప్పుడు ఒకరినొకరం చూసి తలూపుకునేవాళ్లం. వెళ్లి పక్కన కూర్చోవచ్చు. కూర్చుని ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆ వేసవి సెలవుల తర్వాత ఆమె కనబడలేదు. పది రోజులు చూసి ఆస్పత్రికి వెళ్లాను. నర్సు ఒక పేరు చెప్పి, ఆవిడ రిటైరై రావికమతంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందంది. ఆ పేరు నేనెన్నడూ వినలేదు.

ఆదివారం రావికమతం వెళ్లాను. అరుగు మీద మనవరాలికి జడ వేస్తోంది. నన్ను చూసి నవ్వి, "మా వంతెన టీచరమ్మే" అని కూతురికి చెప్పింది.

కూతురు తెల్లబోయింది. "అమ్మా, నువ్వు ఆ వంతెన మీంచి నడిసేదానివేటి? నాకెప్పుడూ సెప్పనేదు."

ఆమె జడ చివర రిబ్బను ముడేసి, కూతుర్ని టీ పెట్టమంది. టీ తాగాం. ఎండల గురించీ, వాళ్ల చెరుకు గురించీ కాసేపు మాట్లాడుకున్నాం. బస్సు వేళయింది. మళ్లీ రమ్మంది, వస్తానన్నాను. వెళ్లలేదు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.