టీచరమ్మ రాసిన నాలుగో పేజీ

మా టీచరమ్మ పోయారు. మొన్న మంగళవారం పొద్దున కోలారు బస్టాండులో ములబాగలు బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. “సార్, అక్క పోయింది. కాఫీ తీసుకుపోయి లేపితే లెయ్యలేదు. సాయంత్రం నాలుగింటికి సమాధి పెట్టుకున్నాము. మీరు వస్తారు కదా?” అని అడిగింది. వస్తానన్నాను. ములబాగలు బస్సు వచ్చింది, పోయింది. నేను అవతలి వరుసలోకి వెళ్ళి రాబర్ట్‌సన్‌పేట బస్సు ఎక్కాను. దారిలో ఆమె గురించి ఏదైనా మంచి సంగతి తలుచుకుందామనుకున్నాను. ముందుగా గుర్తొచ్చింది మాత్రం నేను ఆమెకు చేసిన తప్పు. ఆ తప్పు చెప్పకుండా ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న తెలుగు బడిలో ముప్పై ఏళ్ళ పైచిలుకు సోషల్ పాఠం చెప్పారు. ఆమె తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి అక్కడి బంగారు గనిలో దిగాడు. తండ్రి కూడా దిగాడు. గనులు సర్కారు చేతికి వచ్చిన ఏడాదే తాను పుట్టానని, “నేనూ సర్కారు బిడ్డనే” అని నవ్వేవారు. తండ్రి యాభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. కార్మికుల కోసం వరుసగా కట్టిన చిన్న చిన్న ఇళ్ళను మా వైపు లైన్లు అంటారు. ఆ లైన్లలో తండ్రి బతికిన ఇంట్లోనే చెల్లెలితో కలిసి చివరిదాకా ఉన్నారు.

బడికి అందరికన్నా ముందు వచ్చేవారు. వచ్చీ రాగానే తడిగుడ్డతో బెంచీలు తుడిచేవారు. ఎండాకాలం గాలి లేస్తే, బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము ఊరంతా పడుతుంది. ఆయా ఉన్నా ఆ పని ఆమెకు వదిలేవారు కాదు. తరగతిలో పిల్లలు ‘కోలారు జిల్లా బంగారానికి ప్రసిద్ధి’ అని పాఠం అప్పజెప్పేవాళ్ళు. “బంగారం అయిపోయింది కదప్పా. ఇంగేముండాది చెప్పు” అనేవారు. పిల్లలు బిత్తరపోయేవాళ్ళు. అప్పుడు ఆమే ఒక్కొక్కటీ అడిగి రాబట్టేవారు. మీ మేనత్త ఊళ్ళో ఏం పండిస్తారు? టమాటా. మీ అవ్వ వాళ్ళింట్లో తట్టల్లో ఏం మేపుతారు? పట్టుపురుగులు. మీ నాయన పొద్దున్నే యాడికి పోతాడు? రైల్లో బెంగళూరుకు. “అదీ జిల్లా అంటే” అనేవారు.

నేను ఆ బడిలో చేరింది గనులు మూతపడిన కొత్తలో. కన్నడ చెప్పేవాణ్ణి. నా ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. ఆ కాగితాలు ఏదో ఆఫీసులో బల్ల నుంచి బల్లకు తిరుగుతున్నాయి. ఇంట్లో భార్య, పాలు తాగే కూతురు. ఇవన్నీ సాకులే. కానీ అప్పట్లో నాకు ఇవి తప్ప ఇంకేమీ కనబడేవి కావు.

అలాంటప్పుడు మా హెడ్మాస్టరు చేతికి ఒక ఉత్తరం వచ్చింది. జిల్లా ఆఫీసువాళ్ళు జిల్లా గురించి ఒక పరిచయ పుస్తకం వేస్తున్నారట. మా గనుల ఊరి గురించి నాలుగు పేజీలు రాసి పంపాలి. జనాభా, జీవనోపాధి, చూడదగిన స్థలాలు, ఇతర విశేషాలు అని నాలుగు భాగాలు. హెడ్మాస్టరు ఆ పని టీచరమ్మకు అప్పజెప్పారు. ఆమె కన్నడ చదువుతారు, మాట్లాడతారు. రాయాలంటే మాత్రం తడబడతారు. అందుకని ఆమె తెలుగులో రాసేటట్టు, నేను కన్నడలోకి మార్చి శుభ్రంగా రాసి పంపేటట్టు ఏర్పాటయింది.

ఇంకొకరైతే పాత పుస్తకం ఒకటి ముందర పెట్టుకుని ఒక్క పూటలో ముగించేవారు. ఆమె ఆరు ఆదివారాలు తిరిగారు. చర్చి నుంచి నేరుగా లైన్లకు వచ్చేవారు. నేను మూలమలుపు దగ్గర కలుసుకునేవాణ్ణి. ఇంటింటికీ వెళ్ళి ఎంతమంది, ఎవరేం పని చేస్తారు అని అడిగేవారు. “ఇంట్లో ఎంతమందమ్మా?” అంటే “ఏ దినం లెక్క టీచరమ్మా?” అని ఒకావిడ ఎదురు ప్రశ్న వేసింది. మగవాళ్ళు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతారు, దీపాలు పెట్టే వేళకు వస్తారు. కొందరు అక్కడే ఉండిపోయి ఆదివారానికి వస్తారు. ఆడవాళ్ళలో కొందరు కోలారు మార్కెట్లో టమాటాలు ఏరడానికి పోతారు. టీచరమ్మ ఆ మాట అలాగే రాసుకున్నారు. “మా ఊరికి ఆదివారం జనాభా ఒకటి, సోమవారం జనాభా ఒకటి” అని మొదలుపెట్టారు మొదటి పేజీ.

ఐదో ఆదివారం ఒక ఇంటికి వెళ్ళాం. గనిలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పెద్దాయన గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదట. అలా కూర్చునే నిద్రపోతాడట. రాతిదుమ్ము రొమ్ములో గట్టిపడిపోయిందని డాక్టరు చెప్పినట్టు ఆయన భార్య చెప్పింది. టీచరమ్మ ఆయన ముందర చాప మీద కూర్చుని, కాగితంలో వృత్తి అన్న గడి దగ్గర ఆగారు.

“ఇప్పుడేం పని అని రాయమంటావు అన్నా?” అన్నారు.

ఆయన రెండు మూడు సార్లు గాలి లాక్కున్నాడు. “ఊపిరి తీసుకునేదే నాకు పని తల్లీ. పొద్దున్నుంచి అదే చేస్తాండాను. అట్లే రాయి.”

ఏదో నవ్వులాటకు అన్నాడనుకున్నాను. టీచరమ్మ అలాగే రాశారు. రాసి, ఆయనకు చదివి వినిపించారు. “సరిగ్గా ఉండాదా?” అని అడిగారు. ఆయన తల ఊపాడు. “బుక్కు వస్తే ఒకటి తెచ్చి చూపించు. మా పేరు అచ్చులో యాడా పడలేదు” అన్నాడు. తెస్తానని ఆమె మాట ఇచ్చారు.

నాలుగో పేజీ అంతా ఆ లైన్ల గురించే. ఇతర విశేషాలు అన్న శీర్షిక కింద, ఎన్ని ఇళ్ళలో ఇలా కూర్చుని నిద్రపోయే మనుషులున్నారో లైను వారీగా రాశారు. చివర పెద్దాయన మాట పెట్టారు. ఎక్కడా ఎవరినీ తిట్టలేదు. ఒక్క విశేషణం కూడా లేదు. జనాభా లెక్క రాసినట్టే రాశారు.

నేను కన్నడలోకి మార్చి హెడ్మాస్టరుకు చూపించాను. ఆయన నాలుగో పేజీ చదివి కళ్ళజోడు తీశారు. “ఇది పరిచయ పుస్తకమప్పా, అర్జీ కాదు. పంపేది నీ చేతిరాతతో. నీ కాగితాలు ఇంగా పైన ఉండాయి. ఆలోచించుకో” అన్నారు. తీసెయ్యమని ఆయన అనలేదు. ఆ మాట న్యాయంగా చెప్పాలి. తీసింది నేనే. ఆ పేజీ స్థానంలో అంతరగంగె కొండ మీద రాతి నంది నోటి నుంచి నీళ్ళు పడే సంగతి, కోటి లింగాల గుడి సంగతి అందంగా రాశాను. అవి మా ఊళ్ళోవి కూడా కావు. టీచరమ్మతో అన్నీ పంపేశానని చెప్పాను.

కొన్ని నెలలకు పుస్తకం వచ్చింది. నున్నటి అట్ట, దాని మీద మామిడి తోట బొమ్మ. స్టాఫ్ రూములో టీచరమ్మ నిలబడే పేజీలు తిప్పారు. చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటి నుంచి తిప్పారు.

“నాలుగో పేజీ లేదే?” అన్నారు.

“పైవాళ్ళు తీసేసినట్టుండారు మేడమ్” అన్నాను. నా నోట అంత తేలిగ్గా వచ్చిందా మాట.

ఆమె నమ్మారు. నమ్మి, ఆ పేజీ ఎందుకు పనికిరాలేదో తెలుపగలరని ఆ ఆఫీసుకు మర్యాదగా ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. మీరు పంపినది పంపినట్టే అచ్చువేశాం, ఏదీ తొలగించలేదు అని. దానితోపాటు నా చేతిరాత కాగితాలు కూడా తిప్పి పంపారు. ఆమె వాటిని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. “నీ అక్షరం ముత్యాల మాదిరి ఉండాదప్పా” అని, బెంచీలు తుడవడానికి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా నాతో మామూలుగానే మాట్లాడారు. టీ గ్లాసు అందించారు, పాప జ్వరం ఎలా ఉందని అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది. శనివారం బడి వదిలాక, “రేపు పెద్దాయన ఇంటికి పోవాల. మాట ఇచ్చినాను. నువ్వూ రా” అన్నారు.

వెళ్ళాం. పెద్దాయన బాగా చిక్కిపోయాడు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని అట్ట నిమిరాడు. “నా మాట యాడుండాది?” అన్నాడు. టీచరమ్మ నా వైపు చూడలేదు. చాప అంచున ఊడిన పుల్లను సర్దుతూ కూర్చున్నారు. పెద్దాయన భార్య మా ఇద్దరికీ రాగి అంబలి తెచ్చి పెట్టి, తనూ వినడానికి గడపలో కూర్చుంది.

“లేదు పెద్దాయనా” అన్నాను. “టీచరమ్మ రాసినారు. నేనే తీసేసినాను.”

ఆయన చాలాసేపు గాలి తీసుకున్నాడు. “భయపడినావా?”

“అవును.”

“కేజీలో, ఆ ఇనప బోనులో, గనిలోకి దిగేటప్పుడు మాకూ భయమే సారూ. దినమ్మూ భయమే.” మళ్ళీ ఆగాడు. “అయినా దిగేవాళ్ళం.”

అంబలి చల్లారిపోతోంది, తాగమని సైగ చేశాడు. తాగాను.

బయటికి వచ్చాక టీచరమ్మ మలుపు దగ్గర ఆగి, “నీ నోటితో నువ్వే చెప్పినావు. అది చాలు” అన్నారు. నేను ఏదో చెప్పబోయాను. “నాకు క్షమాపణ వద్దప్పా. నాకు కన్నడ రాసేవాడు కావాల” అన్నారు. సంచిలోంచి కొత్త నోటుపుస్తకం తీసి చూపించారు.

అప్పటినుంచి నేను బదిలీ మీద కోలారు వెళ్ళేదాకా ఆదివారాలు ఆ నోటుపుస్తకంతోనే గడిచాయి. ఒక్కొక్క ఇంటి సంగతి ఆమె తెలుగులో రాయడం, నేను దాన్ని సర్కారు సహాయం కోసం కన్నడలో అర్జీగా మార్చడం. ఏ ఆఫీసుకు ఏ కాగితం జతచేయాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఒకసారి బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి చర్చి ఆవరణలో రొమ్ము పరీక్షలు చేసింది. కొందరికి సహాయం అందింది. చాలామందికి అందలేదు. పెద్దాయనకు అందలేదు. ఆయన కాగితం కదిలేలోపే ఆయన పోయాడు. ఇది బాగుపడిన కథ అని నేను చెప్పను. ఆమె కూడా ఎప్పుడూ అలా చెప్పలేదు. “మనిషి లెక్కలో పడలేదంటే మనిషి లేడని కాదు, రాసేవాడు చూడలేదని” అనేవారు. ఆ మాట నన్ను పొడవడానికి అన్నది కాదని నాకు తెలుసు. అయినా గుచ్చుకునేది.

నా ఉద్యోగం పర్మినెంట్ అయిన రోజు అందరికన్నా ముందు మైసూరుపాకు తెచ్చింది ఆమే.

పోయిన ఏడాది నుంచి ఆమెకూ దగ్గు మొదలైంది. ఏనాడూ గనిలో దిగని మనిషి. దిబ్బల దుమ్మా, చిన్నప్పుడు తండ్రి బట్టలు ఉతికిన దుమ్మా, వట్టి వయసా, ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. “పడుకోండి మేడమ్” అన్నాను. “ఇట్లే బాగుండాదప్పా” అన్నారు.

మంగళవారం సాయంత్రం సమాధుల తోటకు తీసుకువెళ్ళేటప్పుడు పెట్టె మోయడానికి కుర్రవాళ్ళు ముందుకు వచ్చారు. గనిలో పనిచేసిన ముసలివాళ్ళు నలుగురు వాళ్ళను పక్కకు జరిపారు. “మా కోసం తిరిగిన మనిషి. మేమే మోస్తాం” అన్నారు. ఆ దారి ఎత్తు. పదడుగులు వేసి ఆగారు. పెట్టె భుజాల మీద ఉండగానే, నోళ్ళు తెరిచి గాలి లాక్కున్నారు. వెనక పాట పాడుతున్న ఆడవాళ్ళు పాట ఆపారు. పైన గేటు దగ్గర పాస్టరు గారు పుస్తకం మూసి చేతిలో పట్టుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ భుజం మార్చుకుంటామనలేదు. ఎర్రటి మట్టిదారి మీద మేమందరం అలాగే నిలబడ్డాం, ఆ నలుగురి రొమ్ముల చప్పుడు వింటూ, వాళ్ళు మళ్ళీ అడుగు వేసేదాకా.