గంగాళం, ఉంగరం

దొరతనం నాటి మా గడిలో మిగిలిన ఒకే ఒక్క రాగి గంగాళానికి నల్గొండలో మాటు వేయించి, చిట్యాల బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు చూసుకునే పని నాది. నీళ్ళలో కలిపే క్లోరిన్ మందును ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టడం నాకు చిన్నతనంగా తోచింది.

పక్క సీటులో ఉన్న నడివయసు ఆమె అడిగింది.

"గింత పెద్ద గంగాళం! పెండ్లి వంటకా, పటేలా?"

"మా గడిది. నీళ్ల మందు పోసిపెట్టేటందుకు," అన్నాను నిటారుగా.

ఆమె నవ్వలేదు. తాను నీళ్ళు శుద్ధిచేసే ఫిల్టరుబెడ్ దగ్గర ఏళ్ళుగా ఆ మందే కలుపుతున్నానని చెప్పి, వేలికున్న రాగి ఉంగరం తీసి నా అరచేతిలో పెట్టింది. అది దారంలా సన్నబడి, పచ్చగా చిలుము పట్టి ఉంది.

"చేతికంటిన మందే గింత తిన్నది. గంగాళాన్ని బతకనిస్తదా? మందు గూడ ఖరాబైతది, ఊరంత మురికినీళ్లే తాగాలె. దానికి మీ గడి తెల్వది, మా గుడిసె తెల్వది. ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి నీడకు పెట్టు. మూతకు జర గాలి పోయే సందుండాలె."

ఉంగరం తిరిగి ఇచ్చాను. ఆమెకు ఒక్క మంచిమాటైనా చెప్పకుండా గంగాళం మీద తువ్వాలు కప్పాను. ఆమె నార్కట్‌పల్లిలో దిగిపోయింది.

ఇప్పుడు మందు నీలం డ్రమ్ములో ఉంది. గంగాళం ట్యాంకు గేటు దగ్గర, దారిన పోయేవాళ్ళ కోసం మంచినీళ్ళతో నిండి ఉంటుంది. నీళ్ళు ముంచి ఇచ్చే పని ఎవరికీ అప్పగించలేదు. ఆమె ఆ దారిన వస్తే నా చేత్తోనే ఇవ్వాలి.