వంశధారలో కారు స్నానం

మొన్నామధ్య విజయనగరంలో మా అమ్మాయి నడుపుతున్న చిన్న కారు, ముందు హఠాత్తుగా ఆగిన ఆటోకి తగిలింది. పక్క సీట్లో నేనే ఉన్నాను. బెల్టు నా గుండెల మీద ఒక్కసారి బిగిసి వదిలింది, అంతే. దిగి చూస్తే కారు ముందుభాగం అప్పడంలా నలిగిపోయి ఉంది. ఆటోవాడు "సూసుకోని రాలేరేటమ్మా" అని ఓ మాటనేసి, తన బండికేమీ కాలేదని చూసుకుని వెళ్ళిపోయాడు. ఇంత చిన్న దెబ్బకి ఇంతలా నలగడమేమిటని నేను విసుక్కుంటే, "నలగడానికే అలా చేస్తారు నాన్నా. దెబ్బ అది తింటే మనకి తగలదు" అంది అమ్మాయి. నేను ఆ నలిగిన రేకు మీద చెయ్యి వేసి చూస్తున్నాను. భయపడ్డాననుకుంది. నాకు ఒక్క సొట్ట కూడా పడని ఇంకో కారు గుర్తొచ్చింది.

అది మా బావది. అరవయ్యో దశకం చివరి రోజులు. బావ ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. అప్పను, అంటే మా అక్కను, ఆయనకిచ్చి చేశారు. ఊరు వదిలి వెళ్తున్న ఓ డాక్టరు దగ్గర పెసరపచ్చ రంగు చిన్న కారు కొన్నాడు. అది గుమ్మంలోకి వచ్చిన రోజు మా మేనత్త దాని చుట్టూ తిరిగి చూసి, "ఇంత సోకు సేస్తన్నారు, పాలిస్తాదేటి?" అని అడిగింది. బావ దాన్ని కొత్త కోడల్ని నడిపించినట్టు నడిపేవాడు. మేక కనిపిస్తే ఆపేవాడు, కోడి కనిపిస్తే ఆపేవాడు. ఆయన కారెక్కితే స్టేషనుకి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోతుందని వీధిలో చెప్పుకునేవారు. నిజానికి ఆయనకి బాగా చేతనైంది బండి ఆపడమే. ఈ సంగతి ఒక్కటి మేమంతా ఎలా మరిచిపోయామో ఇప్పటికీ అర్థం కాదు.

కారు పూజకి బావా, అప్పా, నేనూ వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగం గుడికి బయల్దేరాం. మా ఇళ్ళలో కొత్త ఎడ్లు కొంటే ఏట్లో కడగనిదే పసుపు పెట్టరు. కారునీ అలాగే కడుగుదామన్నది నేను. అప్పటికి కాలేజీ చదువు పూర్తిచేసి, నాకు తెలియనిది లేదనుకునే వయసు.

"ఒద్దురా. ఒడ్డునెట్టి బిందెల్తో కడుగుదాం" అన్నాడు బావ.

"ఎడ్లకి లేని బయం నీ బండికేటి బావా? ఉప్పుబొమ్మేటి, కరిగిపోడానికి?"

అప్ప ఫక్కున నవ్వింది. ఆవిడ నవ్వితే బావ కాదనలేడు. చక్రాలు సగం మునిగేదాకా కారుని వంశధారలోకి దించాడు. గడ్డితో తోమి, దోసిళ్ళతో నీళ్ళు కొట్టి, దున్నపోతుని కడిగినంత శ్రద్ధగా కడిగాం. ఒడ్డుకి తెచ్చి, తడి ఆరకుండానే బొట్లు పెట్టి, గుడివైపు బయల్దేరదీశాం. గట్టెక్కి అవతలికి దిగుతుంటే, దారి మధ్యలో అరటిపళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ పోతోంది. బావ కాలు కిందికి వెళ్ళడం వెనక సీట్లోంచి చూశాను. కారు ఆగలేదు. ఆయన స్టీరింగు తిప్పేశాడు. దారి పక్కన పడున్న తాటిదుంగకి కారు తగిలింది. మనిషి నడిచేంత వేగం. రోకటిపోటు లాంటి చప్పుడొకటి వచ్చింది. వెనకున్న అప్పకీ నాకూ ఏమీ కాలేదు. బావ రొమ్ము స్టీరింగు మీద ఉంది.

మెల్లగా దిగి, "నీకు తగల్లేదు గదా అమ్మా?" అని అరటిపళ్ళావిణ్ణి అడిగాడు.

"నాకేటవలేదు బాబూ. నీ మొకమే అలగున్నాదేటి?" అంది.

ఆయన ముఖం చూసింది ఆవిడొక్కతే. అప్పా నేనూ కారు చుట్టూ తిరుగుతున్నాం. ఇనప బంపరు చెక్కుచెదరలేదు. దాని మీది పసుపు కాస్త తాటిదుంగకి అంటుకుంది, అంతే. కారుకి దిష్టి తగిలిందని గుమ్మడికాయ తెప్పించి, తిప్పి కొట్టాం. బావ చొక్కా విప్పి చూపించమని ఎవరమూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో బ్రేకులు చక్కగా పడ్డాయి. మెకానిక్కు కూడా పరీక్షించి, బ్రేకులకి వంకలేదన్నాడు. అయితే వంక కాలిదేనని తేలిపోయింది. కుడికాలితో తొక్కాల్సిన బ్రేకు బదులు ఎడంకాలితో క్లచ్చి తొక్కేశాడన్నారు. ఆయనకి 'క్లచ్చి బావ' అని పేరు పెట్టింది నేను. అది ధాన్యం కొట్ల దాకా పాకింది. ఆయన మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. రొమ్ము నొప్పిగా ఉందని చాటుగా నూనె రాయించుకునేవాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. మంచం మీద పడుకుని కుడికాలితో పట్టెను నొక్కుతూ ఉండేవాడు.

"ఒరే, నాను బ్రేకే తొక్కినట్టున్నాదిరా."

"సర్లే బావా, ఈసారి సూసి తొక్కు" అన్నాను. నవ్వబోయి, రొమ్ము పట్టుకున్నాడు.

వానలు మొదలవకముందే పోయాడు. ఆ దెబ్బ వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అప్ప కారు అమ్మేసింది. ఆ తర్వాత బావ మాట వస్తే, "కుడికాలేదో ఎడంకాలేదో తెల్దు ఆ మనిసికి. నన్నిలగ సేసి పోనాడు" అనేది.

కొన్నేళ్ళకి నేను మోటారుసైకిలు కొన్నాను. ఓ వానాకాలం, రోడ్డు మీద పొంగుతున్న కాలువ దాటి బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. కాస్త దూరం పోయాక అదే బ్రేకు మళ్ళీ గట్టిగా పట్టింది. నీళ్ళలో నానిన బ్రేకు పట్టదు, చక్రం తిరిగి తిరిగి ఆరాక పడుతుంది. బండి దిగి రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. పోయినవాడు పోయాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా 'క్లచ్చి బావ' కథ ఎత్తితే, అందరితోపాటు నవ్వాను కూడా.

అమ్మాయి కారు నలిగిన వారంలోనే ఆమదాలవలస వెళ్ళాను. అప్ప వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మొత్తం చెప్పాను. ఏట్లోకి దించమన్నది నేనేనని కూడా చెప్పాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని విన్నది.

"అయితే బ్రేకే తొక్కినాడా?"

"బ్రేకే అప్పా."

చేతిలో కాయని తిరిగి చాటలో పడేసింది. "ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను గదరా ఆయన్ని. ఆ తిట్లన్నీ ఇప్పుడేటి సేసుకోను?" అంది.

ఆనాడు ఏటి ఒడ్డున తడి ఆరేదాకా ఆగివుంటే సరిపోయేది. ఆ కాస్త సేపు మాకు ఎక్కువైపోయింది. ఒక మాట చెప్పడానికి మాత్రం మా అప్ప వయసంతా తీసుకున్నాను.