సాక్ష్యం చెప్పాక మానేసిన సూది

ప్రభువునందు ప్రియ సహోదరులారా, ఒక ఉదయం నా భార్య సుగుణమ్మ నా ఎదుట కూర్చుని, ఎడమకన్ను చేత్తో మూసుకుని, "ఏమయ్యా, నీ చెవులు రెండూ కనిపిస్తాండాయి, మొగం యాడ బోయింది?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వయసుతో వచ్చే రెటీనా జబ్బుకు కడపలో కంట్లో సూదులు వేయించగా ఆమె కుడికంటి చూపు తేరుకుంది. కోయిలకుంట్లలోని మా సంఘం ఎదుట నిలిచి, దేవుడు తన కన్ను బాగుచేశాడని ఆమె సాక్ష్యమిచ్చింది. ఆ తరువాత, "డాక్టరమ్మ ఇంక చాలన్నాది" అని ఆమె అంటే నమ్మి, చికిత్స ముగిసినదని నేను నా డైరీలో వ్రాసిపెట్టుకున్నాను.

మొగం కనబడలేదన్న ఆ ఉదయమే ఆమెను కడపకు తీసుకువెళ్లాను. డాక్టరమ్మ కన్ను చూసి, "చాలని నేనెప్పుడు చెప్పినానమ్మా? సూదులు ఆపితే మళ్లా నీరు చేరే జబ్బు ఇది" అన్నది. నేను సుగుణమ్మ వైపు తిరిగాను. ఆమె తల వంచుకుని, "సాక్ష్యం చెప్పినాక మళ్లా సూదికి పోతే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే అన్నారు. భయమాయె" అన్నది.

అన్నవారు పరాయివారు కారు, మా ప్రార్థన కూటపు స్త్రీలే. ఈ మాట ఏ లేఖనంలో ఉన్నదని నేటికీ అడుగుతున్నాను, ఒక్కరూ చూపలేదు.

ఆ ఆస్పత్రి వరండాలోనే, "ప్రభువా, నీవిచ్చిన వైద్యాన్ని నీ పేరు చెప్పి కాలదన్నినాము, మిగిలిన చూపునైనా నిలుపు" అని ఇద్దరమూ ప్రార్థించాము.

కుడికంటి నడిమి చూపు తిరిగి రాలేదు. ఎడమకంటిలో అదే జబ్బు మొదలైనప్పుడు ముందుగానే పట్టుకున్నారు. ఏళ్లుగా గడువు తప్పక సూదులు పడుతున్నందున, ఆ కంటితో ఆమె నేటికీ వాక్యం చదువుతున్నది. కాలం గడిచేకొద్దీ అదీ కొంత తగ్గవచ్చునని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అయినా నిలిచిన ప్రతి దినమూ దేవుని దయ, మహిమ ఆయనదే.

మొన్న కూటంలో ఒకామె, "ఇంకెన్నాళ్లు సుగుణమ్మా ఈ సూదులు?" అన్నది.

"నువ్వు అన్నం తినేన్నాళ్లు" అన్నది నా భార్య. "నా సాక్ష్యం అబద్ధం కాలేదు తల్లీ, ఇంకా అయిపోలేదు, అంతే."

సహోదరులారా, ఇటువంటి మాటకు భయపడి సూది గడువు దాటబెట్టినవారు మీలో ఉంటే, ప్రభువును నమ్మి లేవండి. వచ్చే మంగళవారం మేము కడప బస్సెక్కుతున్నాము. మా పక్కన కూర్చోండి, దారిలో కలిసి ప్రార్థించుకుందాము.