వెనక సీటు

ఆ ఆదివారం ఉదయం మా షెడ్డు ముందు ఉన్నవి: రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి ఇంగ్లండు కారు ఒకటి, దాని నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ఒక గుమ్మడికాయ, కర్పూరం. ఉన్నవాళ్లు: పాత కార్లంటే పిచ్చి ఉన్న పెద్దమనుషులు ముగ్గురు, అంటే ఒక లాడ్జీ ఓనరు, ఒక రిటైర్డు లెక్చరరు, ఒక స్పేర్‌పార్టుల షాపు ఆయన; వాళ్లతోపాటు ఉతికిన పంచెలో మా నాయన, చేతులకు గ్రీజుతో నేను.

మా నాయన చిత్తూరు దగ్గర ఒక జమీందారీ ఇంట్లో డ్రైవరు. ఇరవై ఆరేళ్లు నడిపింది ఆ కారునే. ఆ ఇల్లు చితికిపోయాక, మామిడితోటలో తుప్పు పట్టి పడి ఉన్న దాన్ని తీసుకుపొమ్మని ఆయనకే ఇచ్చేశారు. లారీ మీద తిరుపతికి తెచ్చాం. నేను మెకానికల్ డిప్లొమా ముగించి అప్పుడే ఒక వర్క్‌షాపులో చేరి ఉన్నాను. కారు బాగు చేయాలనుకోవడానికి నాకు కారణం ఒకటే. అన్నేళ్లలో మా నాయన దాని వెనక సీటును తుడిచాడు, దులిపాడు, ఒక్కసారీ కూర్చోలేదు. ఆయన్ని అందులో కూర్చోబెట్టి చంద్రగిరి దాకా నేను నడపాలి.

అందుకే ఎవరైనా ఇంజనుతో మొదలుపెట్టే పనిని నేను వెనక సీటుతో మొదలుపెట్టాను. స్ప్రింగులు మార్చి, కొబ్బరి పీచు నింపి, ఎర్ర రెక్సిన్ కుట్టించాను.

సలహాలు చెప్పడానికి ముగ్గురూ ప్రతి ఆదివారం వచ్చేవాళ్లు. ముగ్గురిలో ఇద్దరు ఏది చెబితే అది చేయడం నా పద్ధతి. ఇంజను బేరింగులు మద్రాసులో కొత్తగా పోతపోయించాలని లెక్చరరు అన్నాడు. పాతవే గీకి సరిచేస్తే చాలని మిగతా ఇద్దరు అన్నారు. గీకించాను. సీటు విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట.

"ఏందప్పా ఇది? రాజా లాంటి బండికి ఆటో సీటు కుట్టిస్తివే!" అన్నాడు లాడ్జీ ఓనరు.

"మా నాయన కూసోవాలని చేసినాను సార్."

"డ్రైవరుకు ఎనక సీటెందుకబ్బా? స్టీరింగు యాడుంటే ఆడే ఆయనకు నిద్ర పడతాది," అన్నాడు షాపు ఆయన. ముగ్గురూ నవ్వారు. వాళ్లతో ఇంకా పని ఉంది కాబట్టి నేనూ నవ్వాను.

ఏడాది దాటాక ఆ ఆదివారం కారు స్టార్టయింది. గుమ్మడికాయ కొట్టాం. నేను స్టీరింగు వైపు పోతుంటే లాడ్జీ ఓనరు భుజం పట్టుకున్నాడు.

"నువ్వొద్దప్పా, ఈ గేర్లు నీకు లొంగవు. పెద్దాయనా, నువ్వు రా. బండికి నీ చెయ్యి తెలుసు."

"ఈరోజు ఆయన ఎనక కూసుంటాడు సార్," అన్నాను.

"రేపు కూసుంటాడులే. బండి యాడికి పోతాది?"

మా నాయన వైపు చూశాను. ఆయన అప్పటికే చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. వెనక తలుపు తెరిచి పట్టుకుని, తల కాస్త వంచి నిలబడ్డాడు. ముగ్గురూ ఎక్కారు. తలుపు మెల్లగా మూశాడు. ముందుకొచ్చి కూర్చుని అద్దం సరిచేసుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"యాడికి పోనియ్యమంటారయ్యా?" అని వెనక్కి అడిగాడు.

ఆయన ముఖంలో బాధేమీ లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

చంద్రగిరి ఇంకా రాకముందే ఇంజనులో దడదడ మొదలైంది. బేరింగు పోయింది, దాంతోపాటు అందులో తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్టూ పోయింది. ముగ్గురూ బస్సెక్కి వెళ్లిపోయారు. మేం ట్రాక్టరుకు తాడు కట్టి కారును లాగించుకొచ్చాం. ఆ క్రాంక్‌షాఫ్టు మద్రాసులో దొరకలేదు, బొంబాయిలోనూ దొరకలేదు. తన మాట వినలేదని లెక్చరరు ఊళ్లో చెప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ నా డిప్లొమా గురించి చెప్పుకున్నారు. ఆదివారాలు ఎవరూ రాలేదు.

ఒకరోజు షెడ్డులో అడిగాను. "ఇప్పుడైనా కూసో నాయనా."

"నిలబడిపోయిన బండ్లో కూసోని ఏం సూసేది రా?" అన్నాడు. సీటు మీది దుమ్మును కండువాతో దులిపి బయటికి పోయాడు.

మా నాయన చనిపోయాక కారును పాత ఇనుము కింద ఇచ్చేశాను. నేను బాగు చేశాక అది నడిచింది, దాని మీటరు ప్రకారం, ఆరు మైళ్లు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ముగ్గురు.