పురుగుల వరస

ముప్పై ఏళ్లు పురుగుమందుల షాపు నడిపిన ఒక పెద్దమనిషి, షాపు మూసేశాక, ప్రతి శనివారం పల్లెబడి వాళ్ల సేంద్రియ తోటలో జీతం భత్యం లేకుండా పనిచేయడానికి వస్తాడు. ఎందుకొస్తున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. అక్కడ ఆయనకు అంతా తలకిందులుగా కనిపిస్తుంది. వెల్లుల్లి రసం చల్లమన్నా సరే, గాలివాటం చూసుకుని, ముక్కుకు జేబురుమాలు కట్టుకుని మరీ చల్లుతాడు. అయ్యాక మోచేతులదాకా మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటాడు. "కూరలో వేసుకునేదేగా సార్!" అని తోట చూసే టీచరమ్మ నవ్వితే, "అలవాటు తల్లీ" అంటాడు. ఈ శనివారం ఆవిడ క్యాబేజీ మీది పురుగులు ఏరమంది. గుప్పెడు ఏరి, గట్టు మీద పోసి కాలితో నలిపేయబోయాడు. "అయ్యో, ఆగండి! చివరి వరస వాటికే వదిలేశాం. అక్కడ దించి రండి." "పురుగులకి... వరసా?" "అవీ తినాలిగా సార్." ఆయన వాటిని మళ్లీ దోసిట్లోకి ఎత్తుకుని, ఒక్కటీ జారకుండా నడిచివెళ్లి ఆకుల మీద దించసాగాడు. వెనకే వచ్చిన టీచరమ్మ అడిగింది: "ఈ పచ్చది రెక్కలొచ్చాక ఎలా ఉంటుంది సార్? పిల్లలు అడుగుతున్నారు. మీకు తెలిసే ఉంటుంది." అది ఎన్నో రోజున ఏ మందుకు లొంగుతుందో, లీటరు నీళ్లకు ఎంత కలపాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వేలిమీద మిగిలినదాన్ని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "ఏమోనమ్మా," అన్నాడు చివరికి. "ఎప్పుడూ అంతదాకా రానివ్వలేదు."